తెలివిగా రాయమన్నారు

ఫిబ్రవరి 2

ఇది నిరుటి డైరీ. కంపెనీ బావకిచ్చింది, బావ నాకిచ్చాడు. తారీకు కలుస్తుంది, వారం కలవదు. నాలాంటివాడికి సరిపోయింది.

"చెయ్యి తిరగాలంటే రోజూ ఏదో ఒకటి రాయి" అన్నాడు బావ.

"తిరగాల్సింది చెయ్యి కాదండీ, బుర్ర" అంది అక్క లోపల్నుంచి.

తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేశాను. తర్వాత పంచర్ల షాపు, సెల్‌ఫోన్ రిపేరు, గోడలకి రంగులు, ఒక వేసవంతా ఐసు ఫ్యాక్టరీ. ఎక్కడా కాలు నిలవలేదు. చివరికి బావే తనతో లిఫ్టుల పనికి తీసుకెళ్ళాడు. రెండేళ్ళయింది. నేను రెండేళ్ళు ఒకచోట ఉన్నానంటే అది బావ చలవే.

పది పాసైతేనే లైసెన్సు పరీక్షకి కూర్చోనిస్తారు. అప్పటిదాకా బావ లైసెన్సు కింద పని. అందుకని అక్క నాతో ప్రైవేటుగా పది కట్టించింది, పరీక్షలు ఏప్రిల్‌లో. పని నుంచి రాగానే తనే చెప్తుంది, స్కేలు పట్టుకుని. ఇరవై రెండేళ్ళ మగాణ్ణి, స్కేలు చూస్తే ఇప్పటికీ చేతులు వెనక్కి పోతాయి.

ఫిబ్రవరి 9

తెలుగు పేపర్లో సొంతవాక్యాలు ఉంటాయి. ఒక మాట ఇస్తారు, అది పెట్టి మన వాక్యం మనం రాయాలి. ఈరోజు అక్క ఇచ్చిన మాట 'తెలివిగా'.

నేను రాసింది: బావ తెలివిగా పని చేస్తాడు.

అక్క అడ్డంగా కొట్టేసింది. "ఒరేయ్, ఇందులో తెలివిగా తీసేసి తొందరగా పెట్టు. కూర్చుందా? బద్ధకంగా పెట్టు. అదీ కూర్చుంది. ఏది పెట్టినా కూర్చునే వాక్యానికి మార్కులెవడేస్తాడు? ఆయన ఏం చేస్తే తెలివిగా చేసినట్టో అది రాయి."

"ఏం చేస్తాడో నీకేం తెలుసు? నువ్వెప్పుడైనా వచ్చి చూశావా?"

"చూసేవాడివి నువ్వు. రాయాల్సిందీ నువ్వే."

బావ మంచం మీద పడుకుని పేపరు చాటున నవ్వుతున్నాడు. "నా మీద వాక్యం రాయలేక ఫెయిలయ్యాడంటే నా పరువేం కాను బామ్మర్దీ!"

ఫిబ్రవరి 10

మళ్ళీ రాశాను. ముందు బావ పని ఏంటో రాసుకున్నాను.

ప్రతి అంతస్తులోనూ తలుపు సరిగా పడితేనే లిఫ్టు కదులుతుంది. ఏదో ఒక తలుపు దగ్గర, అది పడిందని లిఫ్టుకి తెలిపే కాంటాక్టు పాడవుతుంది. అప్పుడు పైన మెషీన్ రూంలో, ప్యానెల్లో ఒక వైరు అడ్డంగా కలుపుతాం. తలుపు పడకపోయినా పడిందని లిఫ్టు నమ్ముతుంది. పరీక్ష చేసుకున్నాక ఆ వైరు తీసెయ్యాలి. మర్చిపోతే తలుపు బార్లా తెరిచున్నా లిఫ్టు నడుస్తుంది. మనుషులు పోతారు.

అందుకని బావ వైర్లన్నీ మూరెడు పొడుగు, ఎర్రవి. పెడితే ప్యానెల్ బయటికి వేలాడతాయి, అవి ఉండగా ప్యానెల్ మూతపడదు. పనైపోయాక బావ గట్టిగా "ఎన్ని?" అంటాడు. ఎన్ని పెట్టామో నేను గట్టిగా చెప్పాలి, తీసినవి చేత్తో ఎత్తి చూపించాలి. చుట్టూ ఎవరున్నా సరే. మిగతా మెకానిక్‌లు బావని 'ఎన్ని సారు' అని వెక్కిరిస్తారు. బావ వినపడనట్టు ఉంటాడు.

వాక్యం: బావ తీసిన వైర్లు లెక్క చూడకుండా ప్యానెల్ మూయడు కాబట్టి తెలివిగా పని చేస్తాడు.

అక్క చదివింది. "జాగ్రత్తగా పెట్టినా కూర్చుంటుందిరా. కానీ దగ్గరికొచ్చావు. సగం మార్కు."

ఆ సగం మార్కుకే ఎందుకో ఒళ్ళంతా తేలికైంది.

ఫిబ్రవరి 21

బావకి దెబ్బ తగిలింది. తలకి.

రెండు వైర్లు పెట్టాను. రెండూ తీశాను.

ఫిబ్రవరి 22

ఇంకా కళ్ళు తెరవలేదు. అద్దంలోంచి చూడనిస్తున్నారు, పూటకొక్కసారి. తలంతా కట్టు. ఎడమ చెయ్యి బోర్డుకి కట్టేశారు.

ఆ రోజు "ఎన్ని?" అన్నాడు బావ. "రెండు" అన్నాను. ఎత్తి చూపించాను. బావ చూశాడు. చూసి, తలూపి, ప్యానెల్ మూశాడు. మూసింది బావే.

ఫిబ్రవరి 24

అక్క అడుగుతోంది, అసలేం జరిగింది అని. పది మాటలు చెప్పి ఆపేశాను. ఇక్కడ రాసుకుంటాను, సరిగ్గా చెప్పడం వస్తుందేమో.

అయిదంతస్తుల బట్టల షాపు. మూడో అంతస్తు తలుపు కాంటాక్టు పాడైంది. బాగుచేశాం. వైర్లు తీశాం, లెక్క చూశాం. తలుపు తెరిస్తే లిఫ్టు కదలకూడదు, బావ ఆఖరున చేసే పరీక్ష అది. మూడో అంతస్తుకి వెళ్ళి తాళంచెవితో తలుపు తీసి, లోపలికి వంగి కాంటాక్టు చూస్తున్నాడు. కింద ఎవరో బటన్ నొక్కారు. పై అంతస్తులో ఉన్న లిఫ్టు కిందికి వచ్చింది. తలుపు తెరిచుండగానే వచ్చింది. భుజానికీ తలకీ తగిలి బావని వెనక్కి విసిరేసింది.

నేను మెషీన్ రూం మెట్ల మీద ఉన్నాను. కేక విని పైకే పరిగెత్తాను. బావ కింద ఉంటే నేను పైకెందుకు పరిగెత్తాను అని అక్క అడగలేదు.

ఫిబ్రవరి 26

మా సూపర్‌వైజరు ఆస్పత్రికొచ్చాడు. ఆయనకంటే ముందు ఆయన సెంటు వస్తుంది, అందుకే అందరికీ సెంటు సార్. అక్కతో "అధైర్యపడకమ్మా" అని నన్ను మెట్ల దగ్గరికి తీసుకెళ్ళాడు.

"తలుపు తెరిచుండగా లిఫ్టు కదిలిందంటే ప్యానెల్లో వైరున్నట్టే కదరా. నువ్వు పైకి పరిగెత్తావంట. చూసేసరికి ఉందా?"

"ఉంది సార్. కంగారులో పీకేశాను."

"పీకితే పీకావులే. పెట్టిందెవరు?"

నేను చేతులు జేబుల్లో పెట్టుకున్నాను.

"చూడు. ఆయనకి లైసెన్సుంది, నీకు లేదు. లైసెన్సు లేనివాణ్ణి ప్యానెల్ దగ్గర వదిలేశారంటే కంపెనీ మీదికొస్తుంది, నా మీదికొస్తుంది, నువ్వు తిన్నగా జైలుకెళ్తావు. అదే ఆయనే పెట్టి ఆయనే మర్చిపోయాడనుకో, మనిషన్నాక పొరపాటు. ఆయన చెయ్యి, ఆయన తల. ఎవరేమంటారు? రేపు స్టేట్‌మెంటు రాయాలి. చదువుకుంటున్నావట కదా. తెలివిగా రాయి."

'తెలివిగా' తీసేసి 'పిరికిగా' పెట్టి చూశాను. కూర్చుంది.

అమ్మ వరండాలో బెంచీ మీద ఉంది. ఆవిడకేం చెప్పలేదు నేను. నా మొహం చూసి తనే అంది, "ఒకడు మంచాన పడ్డాడు. రెండోవాడు కూడా పోతే ఈ ఆడవాళ్ళని ఎవర్రా చూసేది? నోరు జారకు. తెలివిగా ఉండు."

'మూగగా' కూడా కూర్చుంది.

ఫిబ్రవరి 27

ఇచ్చేశాను. సెంటు సార్ చెప్పాడు, నేను రాశాను. వైర్లు రెండూ తీసి లెక్క చూసుకున్నాక బావ ఒక్కడే మళ్ళీ మెషీన్ రూంలోకి వెళ్ళాడని, అప్పుడు ఇంకో వైరు పెట్టి ఉంటాడని. చివర్లో 'పై విషయాలు నా సొంత మాటల్లో రాశాను' అని ఉండాలట. అదీ ఆయనే చెప్పాడు.

పేజీ మొత్తంలో నిజం కానిది ఒక్క వాక్యమే. మిగతాదంతా నిజమే.

ఫిబ్రవరి 28

రెండు పెట్టాను. రెండూ తీశాను.

మార్చి 1

ఈ పేజీ తర్వాత చించేస్తాను.

మూడు పెట్టాను.

ఆ రోజు బావ కాంటాక్టు స్ప్రింగు కొనడానికి బజారుకెళ్ళాడు. "నేనొచ్చేదాకా ఏదీ ముట్టుకోకు" అన్నాడు. ఎప్పుడూ అంటాడు. షాపు మేనేజరు పైకొచ్చి అరవడం మొదలుపెట్టాడు. ముసలివాళ్ళు మెట్లెక్కలేక వెనక్కి పోతున్నారట, పొద్దున్నుంచి బేరాల్లేవట. "మీవాడు వచ్చేదాకా గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుంటావా? చేతకాదా నీకు?" అన్నాడు. ఎర్ర వైర్ల సంచీ బావ భుజాన పోయింది. నా జేబులో వేలెడు ముక్క ఉంది, తెల్లది. పెట్టాను. లిఫ్టు నడిచింది. మేనేజరు నా భుజం తట్టి "తెలివైనవాడివే" అన్నాడు.

నాతో ఆ మాట ఎవరూ అనలేదు అప్పటిదాకా. బళ్ళో అనలేదు, ఇంట్లో అనలేదు.

బావ మెట్లెక్కి వచ్చి, వస్తూనే మెయిన్ కట్టేశాడు. లిఫ్టు నడిచిన సంగతి నేను చెప్పలేదు. చెబితే తిడతాడని కాదు. ఆ మేనేజరు మాట ఇంకా చెవిలో ఉంది, దాన్ని పాడుచేసుకోవడం ఇష్టంలేక కాసేపాగి చెబుదామనుకున్నాను. తర్వాత పనిలో పడిపోయాం. ఎర్రవి రెండు పెట్టాం, స్ప్రింగు మార్చాం, రెండూ తీశాం. "ఎన్ని?" అన్నాడు. నేను "రెండు" అన్నాను. అబద్ధం చెప్పలేదు. ఆ నిమిషంలో ఆ ముక్క నిజంగా గుర్తు లేదు. వేలెడు ముక్క, మిగతా వైర్లలో కలిసిపోయింది, బయటికి వేలాడదు. ప్యానెల్ హాయిగా మూతపడింది.

కేక వినగానే గుర్తొచ్చింది. అందుకే పైకి పరిగెత్తాను. పీకి కిటికీలోంచి విసిరేశాక కిందికి దిగాను. అప్పటికి బావ చుట్టూ ఎవరెవరో ఉన్నారు. ఆఖరున వెళ్ళింది నేను.

మార్చి 6

బావ కళ్ళు తెరిచాడు. అక్కని గుర్తుపట్టాడు, నన్ను గుర్తుపట్టాడు. ఆ రోజు మాత్రం గుర్తు లేదు. పొద్దున ఇంట్లో చెప్పులేసుకోవడం దాకా ఉందట, తర్వాత ఖాళీ. డాక్టరు అది ఇంక రాకపోవచ్చన్నాడు.

అందరూ ఏడుస్తున్నారు, సంతోషంతో. నేనూ ఏడ్చాను. డాక్టరు చెప్పిన ఆ మాటకి నాలో ఏదో తేలికపడింది. దానికి ఏడ్చాను.

మార్చి 14

ఇంటికి తెచ్చాం. ఎడమ చెయ్యి భుజం దాకా లేవదు.

సెంటు సార్ పళ్ళతో వచ్చాడు. నా స్టేట్‌మెంటు గురించి మెల్లగా, ఎంతో బాధగా చెప్పాడు. బావ పైకప్పు చూస్తూ విన్నాడు. "నేనా?" అన్నాడు ఒక్కసారి. అంతే.

మార్చి 17

బావ పొయ్యి దగ్గర నిలబడ్డాడు. గ్యాసు కట్టేసి ఉందో లేదో చూశాడు. వచ్చి కూర్చున్నాడు. లేచి మళ్ళీ వెళ్ళాడు. నాలుగోసారికి అక్క చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"కట్టేశానండీ. నేను చూశాను కదా."

"నువ్వు చూశావులే. నేను చూసినదాని మీదే నమ్మకం కుదరట్లేదు."

మాత్రలు వేసుకునేటప్పుడు అరచేతిలో పెట్టుకుని అక్కకి చూపిస్తున్నాడు. "ఎన్ని?" అంటున్నాడు. అక్క చెప్పాకే మింగుతున్నాడు.

మార్చి 19

పుస్తకం ముందర పెట్టుకుని కూర్చున్నాను. బావ వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఆ రోజు ఎన్ని పెట్టాంరా?"

"రెండు బావా."

"ఎన్ని తీశాం?"

"రెండూ."

"లెక్క చూశానా నేను?"

"చూశావు."

"మరి మళ్ళీ ఎందుకెళ్ళానంటావు పైకి?"

"ఏమో బావా."

"పద్దెనిమిదేళ్ళు. లెక్క చూశాక మళ్ళీ ప్యానెల్ తెరిచినవాణ్ణి కాదు. ఆ ఒక్కరోజు ఏం పుట్టిందిరా నాకు?" కుడిచెయ్యి తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు, ఎవరిదో చెయ్యి చూసినట్టు. "అదృష్టం బాగుండి నా తలకే తగిలింది. నువ్వు వంగి ఉంటే? నీ అక్కకి నా మొహం ఎలా చూపించేవాణ్ణి?"

నా చేతిలో పెన్ను ఉంది. బావ కళ్ళలో నీళ్ళున్నాయి. నేను పాఠం వైపు చూశాను.

మార్చి 20

చదవలేదు.

మార్చి 24

కంపెనీ నుంచి కాగితం వచ్చింది. పొరపాటు తనదేనని బావ ఒప్పుకుని సంతకం పెట్టాలి. పెడితే లైసెన్సు పోతుంది, ఇంక జన్మలో లిఫ్టు ముట్టుకోకూడదు. కాకపోతే స్టోరు గదిలో కూర్చునే పని ఇస్తారు. పెట్టకపోతే విచారణ. 28న రమ్మన్నారు.

అక్క కాగితం మంచం మీద విసిరికొట్టింది. "పెట్టొద్దు. మీరు మర్చిపోయే మనిషి కాదు. పెళ్ళయిన ఎనిమిదేళ్ళలో ఇంటి తాళం కూడా రెండుసార్లు లాగి చూడకుండా కదల్లేదు మీరు."

"తాళం వేరు."

"ఏం వేరు? అదే చెయ్యి కాదా? ఒరేయ్, నువ్వు చెప్పు. రోజూ పక్కనున్నావు. ఈయన అలా చేసే మనిషేనా?"

ఇద్దరూ నా వైపు చూశారు. నేను, "జరిగిపోయిందాన్ని తవ్వుకోవడమెందుకక్కా, తెలివిగా ఆలోచిస్తే సంతకం పెట్టెయ్యడమే మంచిది" అన్నాను.

నా నోటితోనే అన్నాను. ఎవరూ చెప్పి రాయించలేదు. నా సొంత వాక్యం.

అక్క చాలాసేపు నన్నే చూసింది. "నువ్వు కూడానా" అంది. ఆ తర్వాత ఇంకేం వాదించలేదు.

మార్చి 25

సెంటు సార్ ఫోన్ చేశాడు. పది పాసైతే బావ చోట్లో నన్నే తీసుకుంటారట. బావకీ చెప్పాడట.

మార్చి 26

చెప్పాలి. 28 లోపల.

మార్చి 27

పొద్దున చెప్పబోయాను, బావ స్నానానికెళ్ళాడు. మధ్యాహ్నం చెప్పబోయాను, అమ్మ ఉంది. సాయంత్రం ఎవరూ లేరు. చెప్పలేదు.

మార్చి 28

ముందు ఆఫీసు సంగతి రాస్తాను.

బావా నేనూ బస్సులో వెళ్ళాం. అక్క రానంది. సెంటు సార్ గది బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. లోపల ఎవరో ఉన్నారు. బావ కొత్త చొక్కా వేసుకున్నాడు, బొత్తాలు అక్క పెట్టింది.

"బావా, ఆ మూడో వైరు నేను పెట్టాను" అన్నాను.

బావ తల తిప్పాడు.

అంతా చెప్పాను. స్ప్రింగు కోసం వెళ్ళడం, మేనేజరు, తెల్ల ముక్క, కిటికీ. ఎక్కడా ఆపలేదు. స్టేట్‌మెంటులో రాసింది అబద్ధమని కూడా చెప్పాను. నా కాళ్ళు వణుకుతున్నాయి, బెంచీ చప్పుడవుతోంది.

బావ అంతా విని, బాగున్న చెయ్యి నా మోకాలి మీద వేశాడు. అణిచిపెట్టాడు, వణుకు ఆగేదాకా.

"ఎన్నాళ్ళ నుంచి అల్లుతున్నావురా ఈ కథ?"

"కథ కాదు బావా. అక్క మీద ఒట్టు."

"దాని మీద ఒట్టెందుకు, పిచ్చివాడా. నా కోసం ఇంతకి తెగిస్తావని నాకు తెలీదా? నేను మంచాన పడ్డప్పట్నుంచి చూస్తున్నాను, నువ్వు తినట్లేదు, చదవట్లేదు. ఇదన్నమాట లోపల నలిగేది."

"నేనే పెట్టాను బావా."

"రెండేళ్ళు. రోజుకి ఎన్నిసార్లు 'ఎన్ని' అని అడిగానో. ఒక్కసారైనా నువ్వు తప్పు చెప్పావా?" అన్నాడు. "నా చేతి మీద నమ్మకం పోయింది. నీ నోటి మీద పోలేదు. దాన్ని కూడా పోగొట్టకు."

సెంటు సార్ పిలిచాడు. బావ లేచాడు. నేనూ లేచాను. "నువ్వు బయటుండవోయ్" అన్నాడు సార్. ఉన్నాను. ఆ తలుపుకి గడియ కూడా లేదు. తోస్తే తెరుచుకునేది. లోపల కుర్చీ జరిగిన చప్పుడు, కాగితం తిప్పిన చప్పుడు, పెన్ను పని చెయ్యకపోతే సార్ ఇంకో పెన్ను వెతికిన చప్పుడు. అంతసేపు పట్టింది. అంతసేపూ నిలబడే ఉన్నాను.

బావ బయటికొచ్చి "పద" అన్నాడు.

ఇప్పుడు ఇంటి సంగతి.

అందరం భోజనాలకి కూర్చున్నాం. అక్క వడ్డిస్తోంది. బావ ఆపుకోలేకపోయాడు.

"నీ తమ్ముడు ఇవాళ ఏం చేశాడో తెలుసా? నేను సంతకం పెట్టకుండా ఉండాలని నేరం మొత్తం నెత్తినేసుకున్నాడు. మూడో వైరు వీడే పెట్టాడట! జేబులో తెల్ల ముక్కట, ఎవడో మేనేజరు భుజం తట్టాడట, కిటికీలోంచి విసిరేశాడట. ఎంత వివరంగా చెప్పాడనుకున్నావు! కన్నతల్లి కూడా నమ్మేస్తుంది." అమ్మ వైపు తిరిగి, "ఏమత్తయ్యా, కడుపున పుట్టకపోయినా నాకు తమ్ముడే వీడు" అన్నాడు.

అమ్మ తలెత్తలేదు. ముద్ద కలుపుతూనే ఉంది.

అక్క గరిటె పట్టుకుని నిలబడిపోయింది. నా మొహంలోకి చూసింది. చిన్నప్పుడు పలక మీద నేను రాసింది చూసినట్టు, ఒక్కొక్క అక్షరమే చదువుకుంటూ. నేను చూపు దించుకున్నాను. దించుకోకుండా ఉండాల్సింది. ఉండలేకపోయాను.

తర్వాత అక్క బావ కంచంలో వడ్డించింది, అమ్మ కంచంలో వడ్డించింది. నా దగ్గరికొచ్చి ఆగింది.

"మీకు ఇంకొంచెం వెయ్యమంటారా?" అంది.

బావ "నాకు చాల్లే" అన్నాడు.

"మిమ్మల్ని కాదండీ." నా కంచం వైపే చూస్తోంది. "వీరిని అడుగుతున్నాను."

బావ ఒక్క క్షణం ఆగి పకపకా నవ్వాడు. "ఓరి నీ! పది పాసవకముందే మర్యాద మొదలెట్టిందిరా మీ అక్క. ఇన్నేళ్ళూ ఈ ఇంట్లో ఆ 'మీరు' నా ఒక్కడిదే. నా ఉద్యోగంతో పాటు అదీ లాక్కున్నావన్నమాట!"

ఆస్పత్రి నుంచి వచ్చాక బావ నవ్వడం ఇదే మొదటిసారి. ఎడమ భుజం నొప్పి పుట్టి పట్టుకున్నాడు, అయినా నవ్వుతూనే ఉన్నాడు.

అక్క గరిటె పట్టుకుని అలాగే నిలబడింది, జవాబు కోసం.

"చాలండీ" అన్నాను.